ఐదుగురికి పని నేర్పిన సూదక్క

బూట్ల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆమె సూదక్క. మిషను చప్పుడు వినే, ఇంకాసేపట్లో సూది విరుగుతుందని చెప్పేసేది. మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు.

విదేశీ కంపెనీ ఆ ఊళ్లో అడుగుపెట్టేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. అప్పటికి అక్కడున్నవి ఒక మట్టిరోడ్డు, రెండు దుకాణాలు. చూస్తుండగానే షిఫ్టుకో బస్సు వచ్చింది, అద్దె గదులు లేచాయి, మందులషాపు వెలిసింది. అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని తన గదికి తెచ్చుకుంది. ఆ పిల్లకు నర్సు కోర్సులో సీటు వచ్చింది. సూదక్కే వద్దంది.

"నా పక్క మిషను ఖాళీ అయిందే. చేరిపో. కంపెనీ ఎక్కడికి పోతుంది? నీ తల నెరిసేదాకా ఉంటుంది."

చెల్లెలు రెండు రోజులు అలిగి, మూడో రోజు ఏప్రాను కట్టుకుంది. పద్నాలుగేళ్లు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని బూట్ల పైభాగాలు కుట్టారు.

ఒక ఎండాకాలం వేరే దేశం నుంచి ఐదుగురు ఆడవాళ్లు వచ్చారు. మేనేజరు సూదక్కను పిలిపించాడు. "అక్కడ కొత్త యూనిట్ పెడుతున్నారు. మన కంపెనీ పెద్దదవుతోంది. నేర్పడంలో నీ తర్వాతే ఎవరైనా" అన్నాడు. ఆ మాటకు ఆమె పొంగిపోయింది.

వాళ్ల భాష ఈమెకు రాదు, ఈమె భాష వాళ్లకు రాదు. వాళ్ల వేళ్లు తన చేతుల్లోకి తీసుకుని, తోలు ఎక్కడ లాగాలో, ఎక్కడ వదలాలో నేర్పింది. తప్పు కుడితే విప్పించి మళ్లీ కుట్టించింది.

"భాష రాకపోయినా నీ తిట్లు మాత్రం వాళ్లకి బాగానే అర్థమవుతున్నాయక్కా" అని చెల్లెలు నవ్వేది.

ఐదుగురిలో ఒక పొట్టిపిల్ల ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే, సూదక్క ఆదివారాలు గదికి తీసుకొచ్చి భోజనం పెట్టింది. చెల్లెలికి మాత్రం ఏదో తేడాగా అనిపించింది.

"చెడిపోయిన మిషన్లు బాగుచేయించడం మానేశారు. చూశావా?"

"నీకన్నీ అనుమానాలే. కుట్టు."

మూడు నెలలకు వాళ్లు వెళ్లిపోయారు. పొట్టిపిల్ల బస్సెక్కే ముందు సూదక్క ఫోను నంబరు తీసుకుని, ఆమెను పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత ఆరు వారాలకు, ఒక సోమవారం పొద్దున, అందరినీ క్యాంటీనులోకి రమ్మన్నారు. మేనేజరు కాగితంలోంచి తలెత్తకుండా చదివాడు. ఈ యూనిట్ మూసేస్తున్నారు, పనంతా ఆ ఐదుగురి దేశానికి మారుస్తున్నారు. వెనకెవరో వేళాకోళమనుకుని నవ్వి, ఇంకెవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయారు.

సూదక్క తిన్నగా అతని గదిలోకి వెళ్లింది. "నాచేత నేర్పించింది ఇందుకా సార్?"

"అప్పుడు నాకూ తెలీదు సూదక్కా. నా ఉద్యోగం కూడా పోతోంది."

నిజమో అబద్ధమో ఆమెకు అంతుపట్టలేదు. తెలుసుకుని చేసేదేముందని బయటికొచ్చేసింది.

ఆఖరి వారం మిషన్ల బోల్టులు ఊడదీసి పెట్టెల్లోకి ఎక్కించారు. సూదక్క తన మిషనుకు అంటిన నూనె తుడిచి, ప్లాస్టిక్ కవరు తనే చుట్టింది. బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. "జరగండి, టీచరమ్మ వచ్చింది" అని ఎవరో అంటే, చెల్లెలు కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇంటికొచ్చాక చెల్లెలు బట్టలు సర్దుకుంది.

"పట్నంలో ఒక ముసలావిడ్ని చూసుకునే పని దొరికింది. పొద్దున వెళ్తున్నా."

"ఇద్దరం కలిసి ఏదైనా చూసుకుందామే."

"నీ మాట ఒకసారి విన్నాను కదక్కా" అంది చెల్లెలు, గొంతు పెంచకుండానే. సూదక్క చెల్లెలి చీరలు మడత పెట్టి ఇచ్చింది.

ఏడాది తిరిగేసరికి బస్సులు ఆగిపోయాయి. మందులషాపు మూతపడింది. సూదక్క గదిలోనే పాత బట్టలు సరిచేసి కుట్టి పొట్ట పోసుకుంటోంది.

ఒకరోజు పొట్టిపిల్ల వీడియో కాల్ చేసింది. కుట్టు ముడతలు పడుతున్న తోలుముక్క పైకెత్తి చూపించింది. ఆ పిల్ల వెనకాల వరసగా మిషన్లు, వాటి మధ్య అరుస్తూ తిరుగుతున్న సూపర్‌వైజరు. ఫోను పెట్టేద్దామనుకుంది సూదక్క. కానీ బిత్తరపోయిన ఆ మొహం చూసి చెయ్యి రాలేదు. గుడ్డముక్క తీసుకుని, దారం ఎంత వదులు చెయ్యాలో నెమ్మదిగా రెండుసార్లు చూపించింది.

ఆ సాయంత్రం మనసాగక ఆ సంగతి చెల్లెలికి ఫోనులో చెప్పింది.

"మళ్లీ నేర్పావా?" అంది చెల్లెలు.

ఇది జరిగి నాలుగేళ్లు. చెల్లెలు నెలకోసారి ఫోను చేస్తుంది. "బావున్నావా" అని సూదక్క అడిగితే "బావున్నా" అంటుంది. ఇంకేమైనా అంటుందేమోనని సూదక్క ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంటుంది.