ఖాళీగా ఉంచిన గడి

పంతులమ్మ పోయిందని పొద్దున ఎనిమిదింటికి పాలాయన చెప్పాడు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే వాళ్ల గేటు ముందునుంచి వచ్చాను. ఆమె చెయ్యెత్తింది. నేనే తల తిప్పుకున్నాను.

నాలుగు రోజులుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మైపాడు సముద్రం ఒడ్డు దాకా నడుస్తాను, నీళ్లు చూసి తిరిగొస్తాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచాను. నాకు అక్షరాలు తక్కువ. ఉన్నవి కూడా అరవై దాటాక ఆమె నేర్పినవే. తప్పులుంటే సర్దుకుని చదవండి. సర్దుకోకపోయినా నాకేం లేదు.

మీరు ఈ ఆన్‌లైన్ కథల నిలవలో చదువుతుంటారు కదా, ఒక్కో కథ కింద సముద్రం, అత్తాకోడళ్లు, నవ్వు, ఇందుకూరుపేట అని చిన్న చిన్న మాటలుంటాయి చూశారా? అవి పెట్టింది ఆమె. బడి నుంచి రిటైరయ్యాక ఆమె పని అదే. కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, కథ రెండుసార్లు చదివి, అప్పుడే ఆ మాటల గడులు నింపేది. నేను నోటితో చెప్పిన పదకొండు కథలు ఆమే టైపు చేసి ఎక్కించింది.

మొదట్లో ఎగతాళి చేశాను. "కథలో ఏముందో చదివినోడికి తెలవదా? ముందే దండోరా ఎందుకు?"

"అన్నా, సముద్రంలో వల వేసి బెండుకు గుడ్డ కట్టకుండా వచ్చేస్తావా?"

"కట్టకపోతే వల యాడుండాదో ఎట్టా తెలుస్తాది?"

"ఇదీ అంతే. వెతికేవోడికి దొరకాల."

వల మీద తేలే బెండుకు మాలో ఇంటికో రంగు గుడ్డ కడతారు. మాది ఎరుపు. నా నోరు మూయించినవాళ్లు ఎక్కువమంది లేరు. ఆమె మూయించింది.

పన్నెండో కథ దగ్గర చెడింది. అది మా తమ్ముడి కథ. "పడవెక్కి పోయినాడు, ఇంకా రాలేదు" అని ముగించాను. ఇంట్లోనూ ఇన్నేళ్లుగా అట్లాగే చెబుతున్నాను. శవం దొరకలేదు. వాడి ఫొటోకు దండ వేయనివ్వలేదు.

"ఇందులో చావు ఉందని పెట్టాలన్నా" అంది.

"లేదు."

"ఉందన్నా."

"నువ్వేమన్నా చూసొచ్చినావా?"

"తమ్ముణ్ణి పోగొట్టుకున్నోడు ఎవురన్నా తెలవక తెరుస్తాడు. ముందే చెబితే గుండె చిక్కబట్టుకుంటాడు, లేదంటే మూసేసి పోతాడు. వాడికోసమన్నా."

"నా కథ, నా తమ్ముడు. మధ్యలో నువ్వెవురు మే?" అని లేచి వచ్చేశాను. ఆరు నెలలు ఆ గడప తొక్కలేదు.

పంతులమ్మ మూడోరోజు కర్మ అయ్యాక ఆమె కూతురు పిలిచింది. "మామా, ఇట్టా రా. నీ కథ ఒకటి బయటికి పోకుండా ఆగిపోయుండాది."

కంప్యూటర్‌లో చూశాను. సముద్రం, అన్నదమ్ములు, ఎదురుచూపు. అన్నీ నింపి ఉన్నాయి. చావు ఉందా లేదా అన్న గడి ఒక్కటే ఖాళీ. పక్కన ఆమె రాసుకున్న మాట: 'అన్న చెప్పాకే. నేను పెట్టకూడదు.'

ఆమె అనుకుంటే తనే పెట్టేసి పంపేసేది. నేను చూడబోయానా?

"ఏం పెట్టమంటావు మామా?"

"ఉండు" అన్నాను. వాకిట్లోకి పోయాను. వచ్చాను. "ఉండు" అన్నాను మళ్లీ.

"ఉంటాలే. ముందు నువ్వు కూచో. గానుగెద్దు మాదిరి తిరగబాక."

కూర్చున్నాను. "జరుగు, నేనే కొడతా." ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. చావు ఉంది.

ఇంటికొచ్చి తమ్ముడి ఫొటో తుడిచాను. దండ ఇంకా వేయలేదు. వేస్తాను.

ఇది కూడా ఆమె బల్ల దగ్గరే కూర్చుని ఎక్కిస్తున్నాను. కళ్లజోడు మడిచి అక్కడే ఉంది. పంతులమ్మ అని పెట్టాను, ఇరుగుపొరుగు అని పెట్టాను. చివరి గడిలో చావు ఉంది అని ఈసారి ఎవరూ అడగకముందే కొట్టాను. గడి నిండినా, కంప్యూటర్‌లో మాట పక్కన మిణుకుమిణుకుమనే సన్నగీత ఆగలేదు. నీళ్లమీద బెండులాగా కనబడుతూ, మునుగుతూ, మళ్లీ కనబడుతూ ఉంది.