శెట్టిగారిని చూస్తే ఆగిపోయే బండి

ఇంజను ఆగిపోవడానికి ఎన్ని కారణాలుంటాయో నన్నడిగితే వేళ్లు మడిచి చెబుతాను. పెట్రోలు అయిపోవడం, ప్లగ్గు మసిబారడం, ఫిల్టరులో దుమ్ము, కార్బొరేటరులో చెత్త, కాయిలు కాలిపోవడం. వీటన్నిటినీ మించిన కారణం ఇంకొకటి ఉంది. అది నేను. నా పుణ్యాన నిక్షేపంలాంటి ఇంజను ఒకటి నాలుగు రోజులు పదేపదే ఆగిపోయింది, ఒక పెద్దమనిషి తన కళ్లను తానే అనుమానించుకునే దాకా వెళ్లాడు. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి గానీ బేతంచెర్ల వచ్చినప్పుడు నా మొహం మీదే నవ్వకండి. ఆ పని చేయడానికి ఊళ్లో వాళ్లు చాలినంత మంది ఉన్నారు.

నాది నందికొట్కూరు దగ్గర పల్లె. మా నాయన ఆయిలింజన్ల మెకానిక్కు. ఆయన నాకు నేర్పిన విద్యలు రెండు. ఒకటి ఇంజను విప్పి బిగించడం, రెండోది పెద్దల ముందు లేచి నిలబడటం. మొదటిదాంట్లో నాకు అప్పుడప్పుడూ ఒకటో రెండో నట్లు మిగిలిపోయేవి గానీ, రెండోదాంట్లో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. అన్నం తింటున్నా సరే, పెద్దవాళ్లు గడపలో కనబడితే నా మోకాళ్లు నన్నడగకుండానే నిటారుగా అయ్యేవి.

పొలాల్లోకి కరెంటు మోటార్లు వచ్చి ఆయిలింజన్లు పాత సామాన్ల కొట్టుకు పోయాక, బతుకుతెరువు కోసం బేతంచెర్ల చేరాను. అక్కడ నాగలింగం శెట్టిగారి బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో రోజుకూలీ మెకానిక్కుగా కుదిరాను. రెండు వేల ఐదు ప్రాంతంలో శెట్టిగారు రోడ్డుకు అవతలి పక్క ఒక కల్యాణ మంటపం కట్టించారు. దేశమంతటికీ నేల బండలు పంపే మనిషి, తన మంటపం ముందు మాత్రం బండ వేయకుండా అరెకరా గడ్డి వేయించారు. ట్యాంకర్లతో తడిపితే అది నిజంగానే పచ్చగా లేచింది. మా సీమలో ఎండాకాలం పచ్చగడ్డి అంటే తిరునాళ్లకు తక్కువేమీ కాదు. జనం వచ్చి గేటు పట్టుకుని చూసిపోయేవాళ్లు. వాళ్ల పక్కనే మేకలు కూడా నిలబడి చూసేవి, కాకపోతే వాటి చూపు వేరు.

ఆ గడ్డి కోయడానికి శెట్టిగారు బెంగుళూరులో మూతపడిన ఒక హోటలు నుంచి పాత మిషను కొన్నారు. బండలు దింపి ఖాళీగా వస్తున్న లారీలో అది ఊళ్లోకి దిగింది. చిన్న ట్రాక్టరు మాదిరి ఎర్రగా ఉంది. స్టీరింగు, మెత్తటి సీటు, కడుపు కింద తిరిగే బ్లేడు. మనిషి మీద కూర్చుని నడుపుకుంటూ పోతే గడ్డి సమంగా తెగుతుంది. చుట్టూ చేరిన వాళ్లలో ఒకాయన ఇదేం చేస్తుందని అడిగాడు. గడ్డి కోస్తుందన్నాను. కోసిన గడ్డి ఏ బర్రెలకు వేస్తారన్నాడు. ఎవరికీ వేయం, పారేస్తామన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి వెళ్లిపోయాడు.

మిషను ఏడాదిగా ఆడలేదు. శెట్టిగారు నన్ను పిలిచి ఒకటే మాట చెప్పారు.

"అంజీ, శనివారం మా తమ్ముని కూతురి పెండ్లి. మంటపంలో అదే మొదటి పెండ్లి. శుక్రవారం సాయంత్రానికల్లా ఇది నా కండ్ల ముందర ఆడల్ల. ఆడిందంటే సోమవారం నుంచి జనరేటరు, మోటార్లు, ఈ బండి, అన్నీ నీయే. పర్మినెంటు చేస్తా."

పర్మినెంటు అనే మాట వినగానే నేను ఆగలేకపోయాను. ఉద్యోగం వచ్చేసిందని ఆ పూటే మా నాయనకు ఫోను చేసి చెప్పేశాను. ఆయన నందికొట్కూరు సంతలో కనబడిన ప్రతి మనిషికీ చెప్పేశాడు. ఇక ఆ మిషను ఆడక తప్పదు, దానికి ఇష్టమున్నా లేకపోయినా.

ఇక్కడ మరియమ్మవ్వ గురించి చెప్పాలి. అప్పటిదాకా ఆ గడ్డిని కొడవలితో కోస్తున్నది ఆమే. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులూ గడ్డిలో ఉండేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పనిలో చేరిన రోజే శెట్టిగారితో, "సామీ, నేను కూచుంటే లేయలేను. మీరొచ్చినప్పుడు లేయలేదని ఏమనుకోవద్దు" అని ముందే చెప్పుకుంది. శెట్టిగారు సరేనన్నారు. పొద్దున ఒక మూల కూర్చుంటే, కూర్చున్న చోటి నుంచే జరుగుతూ జరుగుతూ సాయంత్రానికి ఇంకో మూల తేలేది.

ఆదివారం మధ్యాహ్నం మిషను విప్పాను. టాంకులో పెట్రోలు కుళ్లి కంపు కొడుతోంది, పారబోశాను. కార్బొరేటరులో బంక పట్టింది, కడిగి సన్నని తీగతో రంధ్రాలు పొడిచి ఊదాను. నల్లగా గట్టిపడిన ఆయిలు మార్చాను. ఇంజను మూత కింద ఎలుక గూడు పెట్టుకుంది, దాని సంసారాన్ని జాగ్రత్తగా బయటికి చేర్చాను. కొత్త ప్లగ్గు, కొత్త ఫిల్టరు, కొత్త బ్యాటరీ. బ్లేడుకు సాన పట్టాను. పని మాత్రం ఒళ్లు దాచుకోకుండా చేశాను, ఆ సంగతి మరిచిపోకండి. ముందు ముందు నన్ను తిట్టుకునేటప్పుడు పనికొస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం సీటు మీద కూర్చున్నాను. అక్కడ అంటించిన బొమ్మలో చూపినట్టు బ్రేకు తొక్కి తాళం తిప్పాను. రెండు సార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. ఎంత చక్కటి చప్పుడనుకున్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ చప్పుడు విని రోడ్డు అవతల ఆఫీసులో ఉన్న శెట్టిగారు గబగబా వచ్చారు. నేను లేచి నిలబడి దండం పెట్టాను.

ఇంజను ఆగిపోయింది.

"ఇప్పుడు ఆడతాండె గదప్పా?" అన్నారు శెట్టిగారు.

ఆయన ముందు కూర్చోలేను కదా, కిందే నిలబడి తాళం తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. పది సార్లు తిప్పాను. శెట్టిగారు వాచీ చూసుకుని వెళ్లిపోయారు. నేను నీరసపడి సీటు మీద కూలబడి, ఊరికే ఒకసారి తిప్పి చూశాను. వెంటనే అందుకుంది.

మీరు నాకంటే తెలివైనవాళ్లు, మీకు ఈపాటికి విషయం అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇంకా మూడు రోజులుంది. ఓపిక పట్టండి. నా పక్షాన ఒక్క మాట మాత్రం చెప్పుకోనివ్వండి. నేను పుట్టి పెరిగింది ఆయిలింజన్ల మధ్య. హ్యాండిల్ తిప్పి దాన్ని గట్టు మీద వదిలేస్తే, మనిషి ఇంటికి పోయి అన్నం తిని కునుకు తీసి వచ్చినా అది అట్లాగే నీళ్లు తోడుతూ ఉండేది. తన మీద మనిషి కూర్చుంటేనే ఆడతానని పేచీ పెట్టే ఇంజను ఒకటి ఉంటుందని మా వంశంలో ఎవరూ ఊహించలేదు.

బుధవారం మళ్లీ మొత్తం విప్పాను. వేడెక్కితే ఆగిపోతోందని తీర్మానించి కాయిలు మార్చాను. సాయానికి నా స్నేహితుడు మస్తాన్‌ను పిలిచాను, బస్టాండు దగ్గర స్కూటర్ల మెకానిక్కు. నేను సీటు మీద కూర్చుని ఆడించాను, అతను పక్కన నిలబడి చెవి పెట్టి విన్నాడు. మస్తాన్ నా ఈడువాడు, అతని కోసం నేను లేవాల్సిన అవసరం లేదు. పావుగంట సేపు ఇంజను తొణక్కుండా ఆడింది. ఇంతలో శెట్టిగారు గేటు దగ్గర కనబడ్డారు. నేను లేచాను. అది ఆగింది.

మస్తాన్ నా చెవిలో, "మాలిక్‌ను చూస్తే దీనికి భయం రా" అన్నాడు. చెవిలో అన్నాడే గానీ, అప్పటిదాకా ఇంజను చప్పుడుకు పోటీగా అరుస్తున్న గొంతు కదా, ఆ మాట గేటు దాకా పోయింది. శెట్టిగారు మిషనును కాసేపు చూసి, తల దించుకుని వెనక్కి వెళ్లారు.

గురువారం పొద్దున ఆయనే వచ్చి ఒక పరీక్ష పెట్టారు. తాను ప్రహరీ గోడకు అవతల కనబడకుండా నిలబడతారట, నేను ఇవతల ఆడించాలట. ఆడించాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, బ్రహ్మాండంగా ఆడింది. అవతల ఆయనకు మనసు ఆగలేదు. కింద ఒక బండ వేసుకుని దాని మీదెక్కినట్టున్నారు, గోడ మీద మెల్లగా ముందు తల, తర్వాత కళ్లజోడు లేచాయి. గోడ మీద లేచినా పెద్దల తల పెద్దల తలే. నేను లేచి దండం పెట్టాను.

ఇంజను ఆగింది. తల గోడ వెనక్కి దిగిపోయింది.

తర్వాత ఆయన లోపలికి వచ్చి మంటపం మెట్ల మీద కూర్చున్నారు. ఊరికంతటికీ గద్దించి చెప్పే గొంతు, ఆ రోజు నాకే సరిగా వినబడలేదు.

"ముప్పై ఏండ్ల కింద మా నాయన నా చేత బట్టలంగడి పెట్టించె. ఏడాది తిరక్కుండా మూసుకోవల్సి వచ్చె. శెట్టి చూపు మంచిది కాదని అప్పుడు బజార్లో అనిరి. మర్చిపోయినాననుకుంటి. ఇప్పుడు ఇనుము గూడా అదే చెప్తాంది." గడ్డి మీద నుంచి చూపు తిప్పుకుని, "శనివారం నేను పెండ్లికి రాను. ఫ్యాక్టరీలోనే ఉంటా. పిల్ల సల్లగుంటే సాలు" అన్నారు.

అప్పుడు నేను ఏం చేయాలి? అదేం లేదు శెట్టిగారూ, తప్పు నా పనిలో ఉందేమో చూస్తాను అనాలి. నేను ఏమన్నానో తెలుసా? "మీ ఇష్టం శెట్టిగారూ" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అన్నప్పుడు నాకు లోపల హాయిగా కూడా అనిపించింది. దిష్టి తగిలిన ఇంజనుకు మెకానిక్కు బాధ్యుడు కాడు కదా. మిషను ఆగిపోయిన సంగతికి నేను ఇప్పుడు నవ్వగలను గానీ, ఈ మాట గుర్తొస్తే ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం శెట్టిగారు చివరిసారి వచ్చారు. ఆయన రాకకు నేను లేచాను, ఇంజను దాని మర్యాద అది చేసింది. సాయంత్రం కూలీలను పెట్టి గడ్డి కోయించమని, తెల్లారి తన కోసం ఎవరూ వెతకొద్దని ఆయన చెబుతున్నారు. అంతలో గడ్డిలో నుంచి మరియమ్మవ్వ కొడవలి కింద పెట్టి మాట్లాడింది.

"సామీ, మీ కండ్లకేం కాలేదు. ఈయప్ప పిర్ర లేపినప్పుడల్లా అది ఆగుతాంది. మంగళారం నుంచి సూస్తాండా."

గేటు బయటి మేక కూడా నమలడం ఆపినట్టు నాకు గుర్తు.

"మంగళారం నుంచి తెలిసి యాల చెప్పలేదవ్వా?" అన్నాను నేను.

"అది ఆడితే నా కొడవలికి పనేముంటాది, చెప్పు?" అంది. తర్వాత శెట్టిగారి వైపు తిరిగి, "మీరు పెండ్లికి రానంటాంటే మనసు ఒప్పలేదు సామీ" అంది.

సీటు ఎత్తి చూశాను. కింద ఒక స్ప్రింగు, దాని పక్కన అగ్గిపెట్టెంత స్విచ్చి, రెండు వైర్లు. నడిపే మనిషి కింద పడితే బ్లేడు వెంటనే ఆగిపోవడానికి పెట్టిన ఏర్పాటు. మిషనులో నేను విప్పని నట్టు లేదు, ఎత్తి చూడనిది ఆ సీటు ఒక్కటే.

"కూచోప్పా" అన్నారు శెట్టిగారు. ఆయన గొంతు అప్పటికే మారింది.

కూర్చున్నాను. ఇంజను అందుకుంది. ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. నేను లేవకూడదని పళ్లు బిగించాను. మోకాళ్లు వింటేనా? లేచాను, ఆగింది. మళ్లీ కూర్చోబెట్టారు, మళ్లీ లేచాను. మూడోసారి స్టీరింగును వాటేసుకుని కూర్చుంటే సగం లేచాను, ఇంజను సగం ఆగి పూర్తిగా ఆగింది. ఈలోగా వచ్చిన మస్తాన్, ఆ రెండు వైర్లు కలిపి చుట్టేస్తే సరిపోతుందన్నాడు. శెట్టిగారు ఒప్పుకోలేదు, మనిషి కాళ్లు కాపాడేదాన్ని తీసేస్తారా అని కోప్పడ్డారు. మా ఊళ్లో దేనికైనా బండే గతి కాబట్టి సీటు మీద ఒక బండ పెట్టి, బ్రేకు తొక్కి తాళం తిప్పి చూశాం. భేషుగ్గా ఆడింది. కాకపోతే బండకు స్టీరింగు తిప్పడం రాదు.

శెట్టిగారు మెల్లగా గడ్డి వైపు తిరిగారు.

"మరియమ్మా, నువ్వు కూచుంటే లేస్తావా?"

"యాడ లేస్తా సామీ? మొదటి దినమే చెప్తి గదా."

నేనూ మస్తానూ చెరో పక్క పట్టుకుని ఆమెను సీటు మీదికి ఎక్కించాం. బ్రేకు ఏది, స్టీరింగు ఎటు తిప్పాలి, బ్లేడు ఎట్లా దించాలి, అన్నీ చెప్పాను. ఆమె కొడవలి నడుముకు దోపుకుని, చెంగు బిగించి, తాళం తిప్పింది. బండి కదిలింది. శెట్టిగారు దాని ముందుకు వచ్చి చూశారు, ఆగలేదు. వెనక నుంచి చూశారు, పక్క నుంచి చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకుని, వంగి దగ్గరగా చూశారు. ఇంజను ఆయన్ను లెక్కే చేయలేదు. ఆయన దాని పక్కనే నడుస్తూ, చిన్నపిల్లాడిలా నవ్వుతూ, అరెకరా అంతా తిరిగారు. మరుసటి రోజు పెళ్లిలో తలంబ్రాల వేళ అందరికంటే ముందు వరసలో, కళ్లు ఇంతింత చేసుకుని కూర్చున్నదీ ఆయనే.

శెట్టిగారు మాట తప్పే మనిషి కాదు. శుక్రవారం సాయంత్రానికి బండి ఆయన కళ్ల ముందు ఆడింది, సోమవారం పర్మినెంటు కూడా చేశారు. మరియమ్మవ్వను. నన్ను ఆమె కింద పెట్టారు. ఆయిలు మార్చడం, ప్లగ్గు తుడవడం, బ్లేడుకు సాన పట్టడం, పొద్దున అవ్వను బండి ఎక్కించడం, సాయంత్రం దించడం. ఉద్యోగం ఖాయమైందని మా నాయనకు చెప్పాను. ఎవరి కింద అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

అందుకని, నందికొట్కూరు సంత సాక్షిగా, మంటపం ముందున్న గడ్డి సాక్షిగా ఇందుమూలంగా ఒట్టు వేస్తున్నాను. ఇక మీదట నేను ఏ ఇంజను మీద కూర్చున్నా, శెట్టిగారు వచ్చినా, కలెక్టరు వచ్చినా, మా నాయనే స్వయంగా వచ్చినా లేవను గాక లేవను.

ఈ ఒట్టు రాస్తుండగానే శెట్టిగారు ఫోను చేశారు. నిలబడే మాట్లాడాను.