ఒక్కొక్కటీ తనే ఏరుకుంది

మా అమ్మాయి పోయి నలభై రోజులైంది. రేపల్లెలో మా ఇంటి ముందుగదిలో నడిపే టిఫిన్ హోటల్‌కి వచ్చేవాళ్లకి తెలుసు. చుట్టాలకి ఫోన్లు చేశాం. కానీ తనని ఎప్పుడూ చూడకుండా, ఏ కంప్యూటర్ కొనుక్కోవాలో ఫోన్‌లో అడిగి సలహా తీసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఇప్పటికీ తనకి మెసేజీలు పెడుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఇది రాస్తున్నాను. తను ఇంట్లోనే, పొద్దున పూట, నిద్రలో పోయింది. ఇరవై మూడేళ్లు.

మూడేళ్ల కిందట, డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. నాది ఇద్దామంటే సరిపోలేదన్నారు. వాళ్ల నాన్నకి షుగరు. అప్పటినుంచి సోమవారం, గురువారం తెనాలి వెళ్లి డయాలసిస్ చేయించుకునేది. ఆయన హోటల్ చూసుకుంటే నేను తోడు వెళ్లేదాన్ని. పొద్దున పాసింజరు, నాలుగు గంటలు మిషన్ పక్కన, మళ్లీ రైలు. ఆ నాలుగు గంటలూ ఫోన్‌లో గేములు ఆడేది. ఫోను పెనంలా కాలిపోయి ఆగిపోయేది. ఒకరోజు, "అమ్మా, గేములాడుకునే కంప్యూటర్ నేనే కట్టుకుంటా" అంది.

"కట్టడమేంటే, ఇల్లు కట్టినట్టు?"

"కూర చేసినట్టు. అన్నీ విడివిడిగా తెచ్చి మనమే కలుపుకోవాలి."

చీటీ ఎత్తినప్పుడు యాభై వేలు ఇస్తానన్నాను. అంతే. ఆ గురువారం నుంచి మిషన్ పక్కన గేములు మానేసి జాబితా మొదలుపెట్టింది. ఏ ప్రాసెసర్, ఏ బోర్డు, ఎంత ర్యాము, ఏ గ్రాఫిక్స్ కార్డు. ఒకటి మారిస్తే దాంతోపాటు ఇంకో రెండు మారేవి. నాకు ఇంగ్లీషు రాదని ఆ పేర్లన్నీ తెలుగులో రాసి చూపించేది. నేను కునికిపాట్లు పడుతుంటే లేపి మరీ అడిగేది.

"అమ్మా, ప్రాసెసర్ మీద ఎక్కువ పెట్టాలా, గ్రాఫిక్స్ కార్డు మీదా?"

"నాకేం తెలుసే?"

"నీకే తెలుసు. గంటకి రెండొందల ఇడ్లీ దించే పాత్ర కొన్నావనుకో. గ్రైండరేమో ఇంట్లో వాడుకునే చిన్నది. ఏమవుద్ది?"

"పాత్ర ఖాళీగా కూర్చుంటది."

"మరి గ్రైండరు పెద్దదై, పాత్ర బుల్లిదైతే?"

"పిండి పులిసిపోద్ది."

"చూశావా. గ్రైండరు ప్రాసెసర్, పాత్ర గ్రాఫిక్స్ కార్డు. రెండూ ఒకదానికొకటి తగ్గట్టుండాలి."

పక్క మంచం మీదాయన సూది గుచ్చిన చెయ్యి కదలకుండానే నవ్వాడు. "ఈ లెక్కన ఉప్మా చేసుకోటం నయం కదమ్మా" అన్నాడు.

తను అనే మాటలు కొన్ని నాకు నోటికొచ్చేశాయి. "మెరిసేదాన్ని చివర్లో కొనాలి" అనేది. "పవర్ సప్లై దగ్గర పిసినారితనం పనికిరాదు, మిగతావన్నీ దాని మీదే బతకాలి" అనేది. మా వైపు రొయ్యల చెరువుల మీద మోటార్లు తిరిగితే ఇంట్లో ఫ్యాను నీరసపడుతుంది. అలాంటి కరెంటుకి చవకది పెడితే ఓ రోజు అన్నీ కలిసి పోతాయట. ర్యాము ఒకటే కొంటానని, దాని పక్కన ఇంకోటి పెట్టుకునే చోటున్న బోర్డే కావాలని పట్టుబట్టింది. "ఇవాళ్టికి సరిపోతే చాలమ్మా. రేపు పెంచుకోటానికి చోటుండాలి అంతే."

చీటీ డబ్బు చేతికొచ్చి మూడు నెలలైనా జాబితా తెమల్లేదు. ఒక ధర తగ్గుతుందని ఆగేది, ఇంకోటి పెరిగిందని మొదటికొచ్చేది. ఈలోపు వానాకాలంలో ఊపిరందక వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక కూడా మెట్టు ఎక్కితే ఆయాసమే. నాకు భయం పట్టుకుంది. ఏం భయమో ఆయనతో కూడా అనలేదు. ఒక శనివారం ఒక్కదాన్నే తెనాలి వెళ్లి, షాపులో తయారుగా ఉన్న గేముల కంప్యూటర్ కొని తెచ్చేశాను. అద్దం పెట్టె, లోపల రంగురంగుల లైట్లు. బల్ల మీద పెట్టించి బొట్టు పెట్టి తనని పిలిచాను.

చూసింది. "బాగుందమ్మా" అంది. దాని ముందు కూర్చోలేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. మంగళవారం అడిగాను.

"ఎందుకే ముట్టుకోవు? నచ్చలేదా?"

"నేనేం తినాలో డాక్టరుగారు చెబుతారు. ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలో నువ్వు చెబుతావు. సూది ఎక్కడో సిస్టర్ చెబుద్ది. నా ఇష్టమని ఇదొక్కటే ఉంది." నా వైపు తిరిగి, "నేనుండనని కంగారుపడ్డావు కదా" అంది.

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అవునని ఎలా అంటాను, కాదని ఎలా అంటాను. కొనిపెట్టింది తల్లి ప్రేమతోనే. కానీ తన చేతిలో ఉన్న ఒక్కదాన్నీ లాక్కున్నానని అప్పుడు తెలిసింది.

గురువారం ఆ పెట్టెను రైల్లో మళ్లీ తెనాలి మోసుకెళ్లాను. డయాలసిస్ అయ్యాక ఇద్దరం షాపుకి వెళ్లాం.

"అక్కయ్యగారూ, అమ్మింది వెనక్కి తీసుకుంటే నేను షాపు మూసుకోవాలండి" అన్నాడు షాపతను.

"వెనక్కొద్దు అన్నయ్యా. మానిటర్ ఉంచుకుంటాం. మిగతావాటికి బదులు ఇవి ఇవ్వండి" అని తను జాబితా తీసింది.

"విడివిడిగా తెప్పించి బిగించే తీరిక నాకెక్కడిదమ్మా?"

"బిగించుకునేది నేనే."

అతను జాబితా అందుకుంటూ మా అమ్మాయి చేతికున్న కట్టు చూశాడు. అదేంటని అడిగాడు. చెప్పింది. అతను స్టూలు వేశాడు. ఆ మధ్యాహ్నం తను ఒక్కో డబ్బా తిప్పి తిప్పి చూసుకుంటూ రెండు గంటలు కూర్చుంది. మా రైలు వెళ్లిపోయింది. అతను మధ్యలో ఆశ చావక, "ఈ లైట్ల ఫ్యాన్లన్నా తీసుకో చెల్లెమ్మా, అందరూ ఇవే అడుగుతున్నారు" అన్నాడు.

"లైట్లు చూడాలంటే తిరనాళ్లకి వెళ్తాను అన్నయ్యా."

చేతిలో మిగిలిన డబ్బుకి కొత్త గ్రాఫిక్స్ కార్డు రాదు. బాపట్లలో ఒకతను వాడింది అమ్ముతున్నాడని తెలిసి ఇద్దరం బస్సులో వెళ్లాం. తను దాన్ని దీపం వెలుతురులో పట్టుకుని, సముద్రపు గాలికి మరలు తుప్పు పట్టాయేమోనని చూసింది. అతని కంప్యూటర్‌లోనే గంటసేపు నడిపించి, ఎంత వేడెక్కుతుందో చూసి, అప్పుడు బేరమాడింది. అతను, "మేడం, మీకు షాపుందా?" అన్నాడు. తిరిగొచ్చే బస్సులో తను ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పింది. నేను పక్కనే ఉండి విన్నానని మర్చిపోయింది.

బిగించింది మా హోటల్ బల్ల మీద, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ. డయాలసిస్ చేతికి బలం పెట్టకూడదు. అందుకని ర్యాము నన్ను నొక్కమంది. విరుగుద్దేమోనని మెల్లగా ఆనించి వదిలేశాను.

"భయపడకు. ఇడ్లీ పాత్ర మూత బిగించేంత బలం చాలు."

నొక్కాను. టక్కుమంది. "అదీ" అంది. ఆ రోజు తన మొహం నేను చెప్పలేను.

ఆ తర్వాత నాలుగు నెలలు సాయంత్రాలు కొండదారుల్లో లారీ నడిపే గేము ఆడుకుంది. వాళ్ల నాన్న వెనక నిలబడి, "హారన్ కొట్టవే, మలుపు" అనేవాడు. మంచం మీద పడుకున్నప్పుడు ఎవరెవరికో జాబితాలు రాసిచ్చేది. ముందు ఒక ప్రశ్న అడిగేది, నీకేం ఆడుకోవాలని ఉంది అని. అది చెప్పకుండా ధర ఒక్కటే చెప్పినవాళ్లకి జాబితా ఇచ్చేది కాదు.

చివరికి గుండె బలహీనపడితే తెనాలి ఆసుపత్రిలో చేర్చాం. చుట్టాలంతా గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. ఎక్కడైనా పెద్ద తేడా ఉండదని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. ఇదివరకైతే నేను కారు మాట్లాడేసేదాన్ని. ఈసారి తన పక్కన కూర్చుని, "నీకెలా ఉంటే బాగుంటది తల్లీ?" అని అడిగాను.

ఒక రోజంతా ఆలోచించింది. అక్కడైతే నిన్ను లోపలికి రానిస్తారా, ఇక్కడైతే నాన్న హోటల్ మూసేస్తాడా, నొప్పికి మందు ఇంట్లో కూడా ఇవ్వొచ్చా. అన్నీ అడిగింది. అన్నిటికీ నిజమే చెప్పాను. మర్నాడు, "ఇంటికెళ్దాం. మంచం లోపల గదిలో వద్దు, హోటల్లో వెయ్యండి. మనుషులు కనపడాలి" అంది.

వేశాం. గోడకి వేస్తే వద్దంది. ఇంకొంచెం ఇటు, ఇంకొంచెం అటు అంటూ ఆయన చేత జరిపించి జరిపించి, సరిగ్గా గుమ్మానికీ పెనానికీ మధ్య నడిదారిలో ఆపించింది. "దారికి అడ్డం కదే" అన్నాను. "చుట్టూ తిరిగెళ్తార్లే" అంది. పదకొండు రోజులు అలాగే జరిగింది. వచ్చినవాళ్లు గుమ్మం పక్కన ప్లేటు తీసుకుని మంచం చుట్టూ తిరిగి పెనం దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆగి ఒక మాట మాట్లాడేవాళ్లు.

మంచం తీసేసి నలభై రోజులు. అక్కడ ఇప్పుడు ఉత్త గచ్చు. అయినా పొద్దున్నే వచ్చేవాళ్లు గుమ్మం దాటి రెండడుగులు వేసి, అక్కడికి రాగానే ప్లేటు కొంచెం పైకెత్తి పట్టుకుని పక్కకి తిరిగి నడుస్తున్నారు.