గాలి ఆగినప్పుడు

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో చదువుకునే రోజుల్లో ఫిజీ నుంచి వచ్చిన ఒక ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆవిడ ముత్తవ్వ ఫిజీ చెరకు తోటల్లో కూలి పనికి మద్రాసులో ఓడ ఎక్కిందట. ఆ కూలి ఒప్పందాన్ని వాళ్ళు గిర్మిట్ అంటారు. గడువు తీరినా ముత్తవ్వ తిరిగి రాలేదు. ఆమె తెలుగు మాత్రం తరాలు దాటి, హిందీతో కలిసిపోయి, ఆంటీ నోట్లో ఇంకా మిగిలే ఉంది. అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక ఆంటీ భయపడి భర్తతో ఇక్కడికి వచ్చేసింది. చెల్లెలు రాలేదు. కౌలు పొలం పక్కనే రేకుల ఇంట్లో ఉండిపోయింది.

ఆ ఏడాది ఫిజీ మీదికి పెద్ద తుఫాను వచ్చింది. మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేస్తే ఆంటీ స్పీకర్‌లో పెట్టింది. రేకులు కొట్టుకునే చప్పుడులో ఆమె మాటలు సగమే వినిపిస్తున్నాయి. తలుపుకు మంచం అడ్డం పెట్టానంది. ఉన్నట్టుండి అవతల ఆ చప్పుడంతా ఆగిపోయింది.

"అక్కా, గాలి పోయింది. ఎండ కూడా వస్తా ఉంది. మేక బయటే ఉండాది, కట్టేసి వస్తాను."

నాది బందరు పక్క ఊరు. తుఫాను నడిమధ్యలో గాలి కాసేపు ఆగుతుందనీ, ఆ తర్వాత రెండో వైపు నుంచి విరుచుకుపడుతుందనీ మా నాన్న చెప్పగా విన్నాను.

"ఆంటీ, వెళ్ళొద్దని చెప్పండి! ఇంకా అయిపోలేదు!"

"పోవద్దే! తలుపు తియ్యొద్దు, మళ్ళా వస్తాది!" అని ఆంటీ అరిచింది.

మంచం జరిపిన శబ్దం వినిపించింది. అంతే, లైను తెగిపోయింది.

మర్నాడంతా ఫోన్ కలవలేదు. ఆంటీ అన్నం ముట్టలేదు. కిటికీ అద్దం కదిలితే చాలు, ఉలిక్కిపడేది. నేను నా ఫోన్‌లో నేలమట్టమైన ఊళ్ళ ఫొటోలు చూస్తూ, ఆవిడ కంట పడకుండా తిప్పేసేదాన్ని.

"సిపాయిలు వీధిలో తిరిగిన రోజు కూడా చెల్లి నా పక్కన ఉండింది. అందుకే ఓర్చుకున్నాను" అంది ఆంటీ.

ఆ మరుసటి రోజు ఏదో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "నువ్వే తియ్యి" అని ఆంటీ వంటింట్లోకి పోయి చెవులు మూసుకుంది. నేను ఫోన్ తీశాను.

మాట్లాడినాయన చెల్లెలి పొరుగాయన, ఫిజీ మూలవాసి. హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఆమె వాకిట్లోకి రావడం చూసి పరుగెత్తుకెళ్ళి, చెయ్యి పట్టి లాక్కొచ్చి వాళ్ళ చర్చిలో పడేశాడట. తలుపు వేసీ వేయకముందే గాలి మళ్ళీ లేచింది. ఇల్లు పోయింది. ఆమె చెయ్యి విరిగింది. మనిషి బతికే ఉంది.

నేను ఆంటీ చేతులు చెవుల మీది నుంచి తీసి ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టాను. "మేక పోయింది అక్కా" అని అవతల చెల్లెలు ఏడుస్తోంది. ఆంటీ వంటింటి నేల మీద కూలబడి ఆమెను చాలాసేపు తిట్టింది. అందులో సగం నాకు అర్థం కాలేదు.

ఇప్పటికీ తుఫాను హెచ్చరిక రాగానే ఆంటీ ముందు ఆ పొరుగాయనకే ఫోన్ చేస్తుంది. చెల్లెలికి చేసేది ఆ తర్వాతే.