సీతాబాయి తిట్లు, ఇలింకా కవితలు

గోపన్‌పల్లిలో పై వాటా చూడ్డానికి వచ్చిన తెల్లావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇలింకా" అంది. అది ఆమె పేరు. ఇంటావిడ సీతాబాయికి అలా వినపడలేదు.

"ఇల్లింకా ఖాళీగనే ఉంది బిడ్డా, వచ్చి సూడు" అని తాళంచెవులు తీసింది.

అలా ఆ ఇంట్లో ఒక రొమేనియా కవయిత్రి అద్దెకు దిగింది. పుట్టింది యాష్ అనే ఊళ్లో. అక్కడ రెండు కవితా సంపుటాలు వేసింది; వాటిని చదివినవాళ్లలో సగం మంది చుట్టాలేనని తనే చెప్పేది. గచ్చిబౌలిలో ఒక కంపెనీ ఉద్యోగులకు తన భాష నేర్పడం ఉద్యోగం. తెలుగు కవిత్వాన్ని రొమేనియన్‌లోకి తీసుకెళ్లాలన్నది కోరిక.

తెలుగు ఆమెకు రెండు వైపుల నుంచి వచ్చింది. ఆఫీసులో భీమవరం రాజరాజేశ్వరి, ఇంట్లో సీతాబాయి. అందుకే ఆటోవాళ్లతో, "ఏందండీ, జర మెల్లగా పోనివ్వండి" అనేది. వాళ్లు వెనక్కి తిరిగి ఒకసారి చూసి, నిజంగానే మెల్లగా పోనిచ్చేవారు.

అనువాదమే సాగలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని పద్యాలు మారిస్తే, లారీలోంచి దించిన సామానులా ఉండేవి. అన్నీ వచ్చాయి, ఏదీ దాని చోట లేదు.

ఏప్రిల్‌లో బోరు ఎండింది. పొద్దున్నే వస్తానన్న నీళ్ల ట్యాంకర్ రాజేందర్ మధ్యాహ్నం దాటాక వచ్చాడు. సీతాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"కుండలెండి పెంకులైనయి రా! ఆ పెంకుల మీద అటుకులేంచుకొని తిను! నువ్వొచ్చేలోపల వానకాలం గూడ వచ్చి పోతది!"

రాజేందర్‌కు అది మామూలే. నవ్వుకుంటూ పైపు దించాడు. బాల్కనీలో ఉన్న ఇలింకా మాత్రం పెన్ను కోసం లోపలికి పరిగెత్తింది. సాయంత్రానికల్లా తిట్టు మొత్తం రొమేనియన్‌లోకి దిగింది. ఈసారి ఒక్క మాటా నలగలేదు. యాష్‌లో ఒక పత్రిక దాన్ని కవితగా అచ్చేసింది.

పత్రిక చూపిస్తే సీతాబాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నా తిట్లు ఆ దేశంల సదువుతుండ్రా? ఇజ్జత్ వోయింది గదనే!"

"లేదండీ, మా అమ్మకి చాలా నచ్చింది. వాటితోనే ప్లంబర్‌ని తిడుతోంది."

చిక్కు అక్కణ్నుంచే మొదలైంది. సీతాబాయి ఆచితూచి తిట్టసాగింది. "ఓ రాజేందరూ! నీవు ఆలస్యముగ వచ్చినావు" అని టీవీ పురాణాల్లోలా అనేసి, బాల్కనీ వైపు చూసి, "రాసుకున్నవా?" అని అడిగేది. ఇలింకా మొహమాటంగా తలూపేది. రాయడానికి అందులో ఏమీ ఉండేది కాదు.

చివరికి రాజేందరే బెంగపడ్డాడు. "ఏందమ్మా గిట్ల మాట్లాడుతున్నవ్? నాతోని ఏమన్న తప్పైందా? మంచిగ తిట్టరాదు?"

ఒక ఆదివారం అతను ఫోన్‌లో పడి పైపు సంపులో పెట్టడం మరిచాడు. నీళ్లన్నీ వీధిలోకి పోయాయి. పైన కుళాయి గుర్రుమని ఆగిపోయింది. తల నిండా షాంపూ నురుగుతో ఇలింకా కిందికి దిగి రొమేనియన్‌లో అందుకుంది. వీధిలో పోయే బండ్లు కూడా ఆగాయి.

"ఏమన్నవే? మాకు గూడ జెప్పు" అంది సీతాబాయి.

ఇలింకా ఊపిరి పీల్చుకుని తెలుగులో అంది: "నీ బావిలో కప్పలు కూడా వలస వెళ్లాలండీ!"

సీతాబాయి నవ్వలేక మెట్టు మీద కూలబడింది. "వలస గాదు పిల్లా. పొట్ట చేతవట్టుకొని వోను, అనాలె. ఆ 'అండి' తీసెయ్. తిట్టుల అండి ఏంది?"

"ఉండాలండీ. తిట్టినా మర్యాద ఉండాలి."

"ఉండనియ్యమ్మా" అన్నాడు రాజేందర్. "నాకు గూడ జర ఇజ్జత్ ఉంటది."

ఆ గొడవలో సీతాబాయి ఆచితూచి మాట్లాడటం మరిచిపోయింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని కరెంటునూ, వీధిలో పొంగే మురుగు మోరీనీ, కొత్తగూడ ట్రాఫిక్‌నూ వరసపెట్టి తిట్టారు. ఒకరు అనడం, ఇంకొకరు దిద్దడం. ఇలింకా తెలుగులో కట్టిన మొదటి కవితలు అవే.

మరుసటి ఏడాది రెండు భాషల్లో పుస్తకం వచ్చింది, అట్ట మీద ఇద్దరి పేర్లతో. రాజేందర్ ఒక ప్రతిని ట్యాంకర్‌లో పెట్టుకుని, నీళ్లు పట్టించుకునే ప్రతివాళ్లకూ చూపిస్తాడు.

"ఇందుల తిట్టింది నన్నే" అంటాడు.