అత్తమ్మ తోమిన బాకా

పటాన్‌చెరు ఫ్యాక్టరీల పని చేసుకుంటనే మా ఆయన పెండ్లి బ్యాండుల చేరిండు. బాకా నేర్పే సంగారెడ్డి ఉస్తాద్, మీటలు నొక్కి చూసి మరీ పాతదొకటి ఇప్పిచ్చిండు. తెల్లారితే ఆయన బాకా ఊదే మొదటి పెండ్లి అనంగ, కొడుకు బాకా మెరవాలని మా అత్తమ్మ చింతపండు, బూడిద వెట్టి బిందె లెక్క తోమింది. మీటలు బిగుసుకపోయినయ్. ఆయన మొఖం సూడలేక నేను గూడ ఉస్తాద్ ఇంటికి ఎంబడి పోయిన.

ఉస్తాద్ నవ్విండు. మీటలు ఇప్పి, గోరువెచ్చని నీళ్లల్ల కడిగి, చుక్క చుక్క నూనె వేసిండు. "ఊదు బేటా!" బాకా పలికింది. "రోజూ మెత్తటి గుడ్డతోని తుడువు, చాలు. అమ్మను మాత్రం ఏమనకు."

ఇంటికొచ్చి చెప్తే, అత్తమ్మ పెట్టెల దాచుకున్న తన పెండ్లి చీర తీసి కొంగు చింపింది.

"ఇంతకన్న మెత్తటిది ఇంట్ల లేదు బిడ్డా."