మిథునం వారి చొక్కా గుండీలు

దర్జీ కొలతల మామయ్య ఏడో తరగతితో బడి మానేశాడు. భరించలేక బడే తనని మానేసిందని చెప్పుకుంటాడు. కదిలే రైల్లో కిటికీ పక్కన కూర్చున్న మనిషిని గట్టు మీంచి ఒక్క చూపు చూసి ప్యాంటు కుడితే అతికినట్టు సరిపోయిందట. ఆ మనిషి మళ్లీ ఎలా దొరికాడని అడిగితే, "కథకి అడ్డం రాకు" అంటాడు.

ఆయన కొట్లో మేకులకి, కుట్టుపని నేర్పిన గురువుగారు పాత దినపత్రికల్లోంచి కత్తిరించిన నమూనాలు వేలాడుతుంటాయి. చేతులు, కాలర్లు, వీపులు. పత్రికాఫీసులో పనిచేసే అమ్మాయి ప్యాంటు పొడవు తగ్గించుకోడానికి వచ్చి, ఒక చేతి నమూనా ముందు నిలబడిపోయింది.

"మామయ్యా, ఇది మా 'రాశులవారిల్లు'! ఈ సంచికలు మా దగ్గర చెదలు తినేశాయి."

పన్నెండు రాశులూ ఒకే ఇంట్లో కాపురముండే బొమ్మల వారఫలాలవి. వృశ్చికానికి మౌనం మంచిదని ఫలం వస్తే, తేలు నోటికి గుడ్డ కట్టుకుని తోకతో సైగలు చేస్తుంది. మిథునం వారు ఇద్దరూ ఒకే చొక్కాలో దూరి తన్నుకుంటారు. దొరికినవన్నీ కలిపి పుస్తకంగా వేస్తున్నారట. శనివారం అచ్చుకి వెళుతుంది. బొమ్మలు గీసిందెవరో తెలియక 'అజ్ఞాత చిత్రకారుడు' అని వేస్తున్నారు.

"కుట్టినవాడి పేరు లేని చొక్కానా? శనివారంలోగా మనిషిని పట్టుకొస్తా."

"ఏడాది వెతికాం మామయ్యా!"

"మీరు వెతికారు. నేను పట్టుకుంటా."

రెండు రోజులు నమూనాలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. భార్య వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"మూడు చొక్కాలకి చేతుల్లేవు. మీరిలా చూస్తూ కూర్చుంటే మొలుస్తాయా?"

"ఏమే, మగాడి చొక్కాకి గుండీలు ఎటు పక్క?"

"కుడి పక్క. అదీ మర్చిపోయారా?"

"వీడు ముప్పై నాలుగు చొక్కాలకి ఎడమ పక్క వేశాడు. కాలరు మడత ఇంత నిక్కచ్చిగా వేసినవాడు గుండీ తప్పుతాడా?"

ఆవిడ ఒక నమూనా తీసి గోడ అద్దం ముందు పట్టింది. "ఇలా అయితే సరిగ్గానే ఉందిగా?"

మామయ్య చూపు అద్దం మీంచి బల్ల మీది రబ్బరు స్టాంపు మీదికి దూకింది. చెక్కింది చెక్కినట్టు ఉండదు, అచ్చులో తిరగబడుతుంది! కాగితం మీద గీసిన బొమ్మనైతే చెక్క మీదికి తిరగేసే దించుతారు. అంటే వీడు కాగితం మీద గీసినవాడు కాదు. నేరుగా చెక్క మీద, తోచింది తోచినట్టు చెక్కినవాడు.

అమ్మాయికి ఫోన్ చేశాడు. ఇన్నాళ్లూ వాళ్లు చిత్రకారుల జాబితాలే తిరగేశారు. అప్పట్లో పత్రికకి చెక్కతో అచ్చు దిమ్మెలు చెక్కినవాడు ఒక్కడేనని ఆమె చెప్పింది. ఇప్పుడు బస్టాండు వెనక స్టాంపులు చేస్తున్నాడు.

మామయ్య అక్కడికెళ్లి రాశుల బొమ్మలు నువ్వేసినవేగా అంటే, ముసలాయన తలెత్తకుండానే అన్నాడు. "నేను కాదు బాబూ. దిమ్మెలు చెక్కేవాడికి బొమ్మలెందుకు?"

"సరే బాబాయ్, నా కొట్టుకో స్టాంపు చెయ్యి. చొక్కా తొడుక్కున్న మనిషి, కింద 'దర్జీ' అని."

ముసలాయన పెన్సిలైనా ముట్టకుండా చెక్కేశాడు. మామయ్య సిరాలో ముంచి కాగితం మీద అద్దాడు. అక్షరాలు చక్కగా ఉన్నాయి. గుండీలు ఎడమ పక్కన ఉన్నాయి. పక్కనే నమూనా కాగితంలోని మిథునం వారి బొమ్మ పెట్టాడు.

"అక్షరాలు తిరగేశావు. గుండీలు తిరగెయ్యలేదేం?"

ముసలాయన ఉలి పక్కన పెట్టాడు. "బొమ్మ చెక్కేటప్పుడు మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు బాబూ. తిరగెయ్యాలని తోచదు." తర్వాత మెల్లగా అన్నాడు. "గీసే ఆయన మానేశాడు. వారం వారం ఖాళీ వదల్లేక నేను వేశాను. పైవాళ్లకి తెలిస్తే ఆపేస్తారని ప్రెస్సు ఫోర్‌మన్ నోరు మూసుకోమన్నాడు. అలాగే మూసుకున్నా."

"ఇక తెరువు. ఇంకో స్టాంపు చెయ్యి. ఈసారి నీ పేరు."

శనివారం ఉదయం, అచ్చుకి వెళ్లబోతున్న పేజీలో 'అజ్ఞాత' మీద ఆ స్టాంపు మామయ్యే గుద్దాడు, బల్ల మీది టీ గ్లాసులు ఎగిరిపడేలా. అమ్మాయి ఆ పేరుతో కొత్త పేజీ పెట్టించింది.

ముసలాయన ఆమె చెవిలో అడిగాడు. "ఆ గుండీలు సరిచేయించమ్మా, పరువు పోతుంది."

"ఎవడు ముట్టుకుంటాడో ముట్టుకోనీ," అన్నాడు మామయ్య. "ఈ జన్మలో వాడి చొక్కాకి కాజాలు కుట్టను."